ఓబుళప్ప టెంకాయ, నా కెమెరా

పెళ్ళికీ బోరుకూ తేడా తెలియని మనిషిని నేను. ముందే ఒప్పేసుకుంటే తర్వాత చెప్పేది సులువవుతుంది. మీసం వచ్చి, ఊళ్ళో అందరూ ‘వీడియో సూరి’ అని పిలిచే వయసులో, భుజాన కెమెరా పెట్టుకుని మా చేన్లోకి పోయి, పెళ్ళికొడుకుతో “తాళి ఒక్క నిమిషం అట్లే పట్టుకోన్నా” అన్నంత ధీమాగా, భూమిలో నీళ్ళు చూసే పెద్దమనిషితో “ఇంకొక్కసారి తిరుగు పెద్దాయనా, వెలుతురు చాల్లేదు” అన్నవాణ్ణి. కుర్రతనం అని సర్దుకోవచ్చు. మా అమ్మ మాత్రం దానికి వేరే మాట వాడేది. అది అచ్చులో బాగుండదు.

ఇదంతా ఇప్పుడు గుర్తు రావడానికి కారణం, ఈ మధ్య బెంగుళూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి. నా ఫోటోల మీద, వీడియోల మీద ఏదో పెద్ద వ్యాసం రాస్తోందట. మంచి పిల్ల. నా పాత వీడియోలన్నీ ఓపిగ్గా చూసింది. అవి చూసి బోరు కొడుతోందన్న వాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ మీద నాకు కోపం లేదు. బోరు కొట్టించడం ఎంత కష్టమో మా జిల్లావాడికి తెలుసు. ఆ అమ్మాయి అడిగింది: “మీ ఫోటోలన్నింటిలో నేలలో ఒక రంధ్రం ఉంటుంది. వీడియోల్లో మనుషులు దేనికోసమో ఎదురుచూస్తూ ఉంటారు. ఇది ఎక్కడి నుంచి వచ్చింది?” నేను గొంతు సవరించుకుని శూన్యం అన్నాను, నిరీక్షణ అన్నాను, అభావం అని కూడా అన్నానని భయంగా ఉంది. ఆమె అన్నీ రాసుకుంది. గడప దాటుతూ వెనక్కి తిరిగి, “అసలు మొదటి రంధ్రం ఏది?” అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర పెద్దమాట లేదు. “ఇంకోసారి చెప్తానమ్మా” అని పంపేశాను. ఆ మొదటి రంధ్రం ఎక్కడిదో, దానికి నేనెంత బాధ్యుణ్ణో, ఆమెకు చెప్పలేనిది ఇక్కడ చెబుతాను.

తనకల్లుకు దగ్గర్లో మా ఊరు. ఆ చుట్టుపక్కల నీళ్ళు ఎప్పుడూ ఒకేసారి వాడుకునే వస్తువు కాదు. మా ఇంట్లో ఒక చెంబు నీళ్ళకు మూడు జన్మలుండేవి. బియ్యం కడిగిన నీళ్ళు ఎనుముకు, గిన్నెలు కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకు. మా నాయన పొద్దున ముఖం కడుక్కునేది వాకిట్లో కాదు, చేన్లో, ఏదో ఒక చీనీ చెట్టు, మీరనే బత్తాయి చెట్టు, పాదులో. రోజుకొక చెట్టు దగ్గర, వరస తప్పకుండా. పుక్కిలించి ఉమ్మింది కూడా దాని వేరుకే పోవాలి. వేపపుల్ల నములుతూ ఆయన చెంబు పట్టుకుని పోతుంటే అమ్మ నవ్వేది, “మీ నాయన పెండ్లాన్ని అడగడు గానీ, చెట్టును మాత్రం బాగుండావా అని అడిగి వస్తాడు” అని. చెనిక్కాయ, అంటే వేరుశనగ పంట వరసగా ఎండిపోతుంటే విసిగి, ఉన్న పాత బోరును నమ్ముకుని నాయన పెట్టిన చీనీ తోట అది. చెట్లు మొదటి కాపుకు వచ్చాయి. గోళీలంత పిందెలు. ఆకు నలిపితే వేళ్ళకు పట్టుకునే ఆ ఘాటైన పుల్లటి వాసన నాయన చొక్కాలకు, దుప్పటికి, చివరికి ఆయన తాగే బీడీకి కూడా ఉండేది. సరిగ్గా అప్పుడే పాత బోరు గుటకలు మింగడం మొదలుపెట్టింది. మోటారు వేస్తే ఒక్క దెబ్బ నీళ్ళు, తర్వాత గాలి, తర్వాత దగ్గు. ఎండలు ముదిరేలోపు కొత్త బోరులో నీళ్ళు పడితే తోట బతుకుతుంది. పడకపోతే లేదు. మా ఇంట్లో ఈ మాటను ఎవరూ పైకి అనలేదు. సంగటిలో ఊరుబిండి నంజుకుంటూ నాయన ముద్ద చేతిలో పెట్టుకుని అలాగే ఉండిపోయేవాడు. అమ్మ తట్టి గుర్తు చేసేది.

నేనప్పుడు కదిరిలో మస్తానన్న స్టూడియోలో పని చేసేవాణ్ణి. పెళ్ళి వీడియోలు మా తిండి. మస్తానన్న భారీ మనిషి, పాన్ నమిలి నమిలి పెదాలు ఎప్పుడూ పెళ్ళికూతురి పెదాల్లా ఎర్రగా ఉండేవి. ఆయన నాకు నేర్పిన విద్యలో రెండే సూత్రాలు. ఒకటి, ఏది జరిగినా సరిగా పడకపోతే మళ్ళీ చేయించు. తలంబ్రాలు మళ్ళీ పోయించు, ఉంగరం మళ్ళీ తొడిగించు, అత్తగారిని మళ్ళీ ఏడిపించు. రెండోది, టేపు ఆపొద్దు. “నువ్వు ఆపినప్పుడే పెళ్ళిలో అసలు సంగతి జరుగుతాది బేటా. అన్నం తినేటప్పుడైనా కింద పెట్టు గానీ, ఆపద్దు” అనేవాడు. ఎన్ని పెళ్ళిళ్ళలో ఎంతమంది పెద్దలు, పురోహితులు, గౌరవంగల భూస్వాములు నా “మళ్ళీ ఒకసారి” విని కిమ్మనకుండా మళ్ళీ చేశారో! లోకమంతా నా మాట వింటుందని ఒక నమ్మకం కలిగింది. కెమెరా భుజం మీద ఉంటే బరువు మోస్తున్నానని తెలియదు, అదే నన్ను మోస్తోందనిపిస్తుంది.

బోరు వేయించాలని నాయన తేల్చుకున్నప్పుడు నాకు కళ్ళ ముందు ఒకటే బొమ్మ. నేలలోంచి నీళ్ళు తాటిచెట్టంత ఎత్తుకు లేస్తున్నాయి, అమ్మ పసుపు కుంకుమ చల్లుతోంది, నాయన తడిసి నవ్వుతున్నాడు, అక్షరాలు గిర్రున తిరుగుతూ వచ్చి మా ఇంటి పేరు పడుతోంది. మస్తానన్నను బతిమాలి కెమెరా తెచ్చుకున్నాను.

“ఏమిటికిరా అది?” అన్నాడు నాయన.

“నీళ్ళు లేసేది పట్టుకుంటే ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు గద నాయనా.”

“నీళ్ళు చేన్లో ఉంటే చాలు. పెట్టెలో ఏమిటికి?” అన్నాడు గానీ, పొద్దున చూస్తే పెట్టెలో మడత పెట్టి ఉంచిన తెల్లచొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. చేను పనికి నాయన తెల్లచొక్కా వేసుకోగా నేను చూడటం అదే మొదలు. ఆ చొక్కా చూసినప్పుడే నేను కెమెరా తీసుకుని కదిరికి బస్సెక్కి ఉండాల్సింది.

నీళ్ళు చూడటానికి వచ్చినవాడు ఓబుళప్ప. చిలమత్తూరు దాకా పేరున్న మనిషి. అరచేతిలో టెంకాయను అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి, చేను పొడవునా మెల్లగా నడుస్తాడు. కింద నీళ్ళున్న చోట టెంకాయ దానంతట అదే లేచి నిలబడుతుంది. నిలబడిన చోట రాయి పెడతారు. రాయి పెట్టిన చోట రిగ్గు లారీ వచ్చి నిలుస్తుంది. ఇది మావైపు అందరికీ తెలిసిన పద్ధతి. మా ఊళ్ళో చదువుకున్నవాళ్ళు పైకి నవ్వేవారు, బోరు వేయించే ముందు మాత్రం కబురంపేవారు. వీడియో తీస్తారని ముందే విన్నట్టున్నాడు, ఆ రోజు ఓబుళప్ప మీసానికి రంగు వేసుకుని వచ్చాడు. నేను గమనించినట్లు ఆయన గమనించాడు. ఇద్దరం మర్యాదగా చూపు తిప్పుకున్నాం.

ఆయన తూర్పు గట్టు నుంచి మొదలుపెట్టాడు. ఊరివాళ్ళు కొంతమంది గట్ల మీద కూర్చున్నారు, మాట లేదు. టెంకాయ అరచేతిలో పడుకునే ఉంది. కానుగ చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆయన నడక నెమ్మదించింది. వేళ్ళు వణికాయి. టెంకాయ తోక కాస్త లేచింది, ఆగింది, నిలువుగా నిలబడిపోయింది. అమ్మ చేతులు జోడించింది. నాయన రాయి తెచ్చి ఆ చోట పెట్టాడు. నేను మాత్రం కెమెరాలోంచి చూసి నాలుక కరుచుకున్నాను. సూర్యుడు ఆయన వెనకున్నాడు. ఎదురు వెలుతురులో ఓబుళప్ప బొగ్గు బొమ్మలా ఉన్నాడు. టెంకాయ లేదు, మీసం లేదు, ఏమీ లేదు. నేను సూర్యనారాయణ అని తన పేరు పెట్టుకున్నందుకు సూర్యుడు నాకు చేసిన ఉపకారం అది.

“పెద్దాయనా, మళ్ళీ ఒకసారి తిరగల్ల. పడమర నుంచి రాండి.”

గట్ల మీద గుసగుస మొదలైంది. ఓబుళప్ప నా వైపు చూశాడు. “నిలబడింది చూడలేదా అబ్బోడా?”

“మేము చూసినాం. క్యామరా చూడలేదు.”

రంగు వేసిన మీసం మీదికి ఆయన చెయ్యి పోయింది. అక్కడే అంతా తేలిపోయింది. “సరే, ఈ తూరి బాగా చూడమను” అని టెంకాయను మళ్ళీ అరచేతిలో పడుకోబెట్టి, పడమటి గట్టు నుంచి బయల్దేరాడు. వెలుతురు ఆయన ముఖం మీద పడింది. అందంగా ఉన్నాడు. నేను లోపల పొంగిపోతున్నాను. కానుగ చెట్టు ఇంకా చాలా దూరం ఉండగా, తంగేడు పొద పక్కన, ఆయన చేతిలో టెంకాయ లేచి నిలబడింది.

ఓబుళప్ప తన చేతిని తనే వింతగా చూశాడు. నాయన మొదటి రాయి దగ్గర నిలబడి, ఈ చివర నిలబడ్డ టెంకాయను చూస్తున్నాడు. మెల్లగా నడిచి వచ్చాడు.

“ఇదేంది పెద్దాయనా, ఆడ గదా లేసింది?”

“ఆడ ఉండేది చిన్న పాయ రామప్పా,” అన్నాడు ఓబుళప్ప, తడుముకోకుండా. “ఈడ ఉండేది పెద్దది. చూడు, ఎంత గట్టిగా లేసిందో.”

నాయన నన్ను చూశాడు. ఆయన ఏ పనికీ నన్ను సలహా అడిగినవాడు కాదు. “నువ్వేమంటావురా సూరీ?”

“పెద్దాయన చెప్పినట్లే చెయ్ నాయనా” అన్నాను. ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. తంగేడు పొద దగ్గర వెలుతురు బాగుంది. వెనక చీనీ చెట్ల వరస కనిపిస్తుంది. నీళ్ళు లేస్తే ఆకుపచ్చ మీద తెల్లగా పడతాయి. నాయన రెండో రాయి తెచ్చి అక్కడ పెట్టాడు.

రిగ్గు లారీ తమిళనాడుది. దాన్ని నడిపే మనిషికి తెలుగు రాదు, మాకు తమిళం రాదు. ఒక రాడ్డు పూర్తిగా నేలలోకి దిగిపోగానే ఆయన నాయన వైపు చూసి ఒక వేలు పైకెత్తేవాడు, ఇంకొకటి దించాలా అని. నాయన తల ఊపేవాడు. ఆ రోజంతా వాళ్ళిద్దరి మధ్య నడిచిన సంభాషణ అదొక్కటే. కంప్రెసరు చప్పుడుకు గట్టు మీద మనుషులు ఒకరి నోరు ఒకరు చూసుకుని మాట్లాడుకుంటున్నారు. మొదట ఎర్రమన్ను లేచింది, తర్వాత గచ్చులాంటిది, తర్వాత బండ తగిలింది. అక్కడి నుంచి తెల్లటి పిండి. కాలిన రాయి వాసన గొంతులో కూర్చుంది. అమ్మ పసుపు పళ్ళెం మీద కొంగు కప్పి పట్టుకుంది. మధ్యాహ్నానికి చీనీ ఆకులు తెల్లబడ్డాయి, నాయన నూనె రాసుకున్న జుట్టు తెల్లబడింది, ఓబుళప్ప మీసం రంగు వేయకముందున్న తెలుపుకు తిరిగి వచ్చింది. వేలు లేస్తోంది, నాయన తల ఊగుతోంది. ప్రతిసారీ ఊగడానికి ముందు కాస్త ఎక్కువ సేపు పడుతోంది.

ఒక దశలో పిండి రంగు మారింది. బూడిద రంగుకు తిరిగి, ముద్దలు ముద్దలుగా పడసాగింది. “తడి! తడి!” అని ఎవరో అరిచారు. గట్ల మీద వాళ్ళంతా లేచారు. గుంత లోంచి బురదనీళ్ళు మోకాలెత్తు చిమ్మి నాయన పంచె మీద పడ్డాయి. నాయన ఆ బురదను వేళ్ళతో తీసుకుని వాసన చూశాడు. అమ్మ పళ్ళెం మీద కొంగు తీసింది. ఓబుళప్ప లేచి నిలబడి నా కెమెరా వైపే తిరిగాడు, ముఖం సరిచేసుకుని. అప్పుడు నేను ఏమనుకున్నానో రాస్తే మీరు నన్ను మన్నించరు. ఇంకొంచెం ఎత్తుకు లేస్తే ఫ్రేము నిండుతుంది అనుకున్నాను. కంప్రెసరు ఒకసారి ఊపిరి బిగబట్టినట్లు ఆగి, మళ్ళీ అందుకుంది. బురద చిక్కబడింది. చిక్కబడి, పొడిబడి, మళ్ళీ తెల్లటి పిండి లేచింది. వేలు లేచింది. నాయన తల ఊపాడు. మళ్ళీ లేచింది. మళ్ళీ ఊపాడు.

ఓబుళప్ప నా దగ్గరికి రాలేదు. నాయన దగ్గరికి పోయి, నాకు వినపడేటట్లు అన్నాడు: “ఆ గాజుకన్ను మూయించు రామప్పా. దాన్ని చూసి యెనక్కి పోతాండాది గంగమ్మ.”

నాయన నా వైపు తిరక్కుండానే అన్నాడు. “దించురా సూరీ.”

కెమెరాను తీసి గట్టు పక్కన నేల మీద పెట్టాను. మస్తానన్న రెండో సూత్రం చేతికి అలవాటై ఉండటం వల్ల, ఆపాలన్న ఆలోచన కూడా రాలేదు. అది నేల మీద పడుకుని నేలనే చూస్తూ, లోపల టేపు తిరుగుతూనే ఉండిపోయింది. పొద్దు వాలుతుండగా వేలు లేచింది. ఈసారి నాయన తల ఊగలేదు. రిగ్గు మనిషి వేలు దించలేదు, నాయన తల ఎత్తలేదు. చివరకు ఆ తమిళాయనే చప్పుడు ఆపేశాడు. ఆ నిశ్శబ్దం చెవుల్లో గుయ్యిమంది.

“నా కాయ ఎప్పుడూ తప్పలేదు,” అన్నాడు ఓబుళప్ప, గట్ల మీద జనానికి. “కానుగ చెట్టు కాడ చెప్పినానా లేదా? మీరంతా చూసినారా లేదా? వీడే గదా మళ్ళీ తిరుగు మళ్ళీ తిరుగు అన్నాడు. గంగమ్మ తల్లి ఏమన్నా నాటకంలో వేషమా, ఇంకోసారి రా అంటే వచ్చేదానికి?”

జనం నన్ను చూశారు. ఆయనకు ఎవరన్నా మాట తిరిగి చెప్తారేమోనని చూశాను. అమ్మ పళ్ళెం కింద పెట్టేసింది. నాయన తంగేడు పొద దగ్గర తాను తెచ్చి పెట్టిన రాయిని దొర్లించి, ఆ గుంత నోటి మీద పెట్టి, తెల్లచొక్కా విప్పి భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు.

నాయన నన్ను ఒక మాట అని ఉంటే బాగుండేదని చాలా ఏళ్ళు అనుకున్నాను. తిడితే సమాధానం చెప్పుకోవచ్చు. ఆయన తిట్టలేదు. అమ్మా ఆయనా ఇద్దరూ బిందెలతో నీళ్ళు మోసి కొన్ని చెట్లను బతికించాలని చూశారు. ఏ చెట్టుకు పోయాలో, ఏ చెట్టుకు మానాలో నాయన ఎట్లా తేల్చుకున్నాడో నాకు తెలియదు. అడిగే ముఖం నాకు లేదు. పిందెలు రాలాయి. ఆకులు అంచుల్లోంచి లోపలికి చుట్టుకున్నాయి. చెట్లను ఆయనే నరికాడు, ఇంకొకరి చేత చేయించలేదు. ఆ కట్టెలే చాలాకాలం మా పొయ్యిలోకి వచ్చాయి. సంగటి ఉడుకుతుంటే ఇల్లంతా చీనీ తొక్క ఒలిచిన వాసన. ఎంతో మంచి వాసన. ఆ వాసనలో ముగ్గురం తల వంచుకుని తినేవాళ్ళం. చేన్లో ఉలవలు చల్లాడు నాయన. కానుగ చెట్టు దగ్గర మొదటి రాయి అలాగే ఉండేది. ప్రతి ఏడూ నాగలి దాని చుట్టూ తిరిగి పోయేది. ఆ రాయిని తీసేయమని నేను అనలేదు, ఆయన తీయలేదు. నాయన దాన్ని నాకోసమే అక్కడ ఉంచాడని నమ్మాను. అక్కడ వేసి ఉంటే నీళ్ళు పడేవేమో. ఆ ‘ఏమో’ మీద నేను చాలా రాత్రులు పడుకున్నాను. మెత్తటి పరుపు కాదు.

ఓబుళప్ప మాట నాకంటే ముందే కదిరి చేరింది. ముహూర్తాలు నాకు తగ్గాయి. ఒక పెళ్ళివారయితే నన్ను గుమ్మంలో చూసి, పిల్ల బావిలో నీళ్ళు తోడుకునే ఇంటికి పోతోందని, వేరే మనిషిని పంపమని మర్యాదగా చెప్పారు. మస్తానన్న నవ్వుతూనే అన్నాడు: “ఏమప్పా సూరీ, నీ చేతిలో క్యామరా చూస్తే జనం కొళాయి కట్టేస్తాండారు. కొన్నాళ్ళు పాస్‌పోర్టు ఫోటోలు తియ్. ఆడ ఎండేదానికి ఏమీ ఉండదు.” అలా నీలం గుడ్డ ముందు మనుషుల్ని కూర్చోబెట్టి గడ్డం పైకెత్తమనే ఉద్యోగం చేశాను. దిష్టికన్ను అని పేరు పడ్డవాడికి దృష్టి మిగలాలంటే ఏదో ఒకటి చూడాలి గదా. ఆదివారాలు సైకిలు మీద ఊళ్ళు తిరిగి, ఎండిపోయిన బోర్లను ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. ఎందుకు తీస్తున్నావని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. నాకు తోడు కావాలి, అంతే. ఒక్కొక్కరూ తమ గుంతను ఒక్కోరకంగా మూసేవారు. ఒకరు బండరాయి, ఒకరు పగిలిన కుండ, ఒకరు చిరిగిన టైరు ముక్క. తనకల్లు వైపు ఒక రైతు దాని మీద తులసికోట కట్టాడు. “మూసేస్తే సరిపోతాదా అన్నా?” అని అడిగితే, “సరిపోదు, దండం పెట్టుకుంటే అమ్మ యెప్పుడన్నా మనసు మార్చుకుంటాదేమో” అన్నాడు.

ఆ ఫోటోలు బెంగుళూరులో ఒక పెద్దావిడ చూసి తన గ్యాలరీ గోడలకు తగిలించింది. వాటి తర్వాత మా చేన్లో నేల మీద పడుకుని తిరిగిన ఆ టేపునూ చూపించింది. అందులో కనిపించేదల్లా తెల్లటి పిండి పడుతూ ఉండటం, దానిలో కదలకుండా నిలబడ్డ మా నాయన పాదాలు, చివర్లో ఆగిపోయే చప్పుడు. నేను తీయాలని తీసినవేవీ ఎవరూ అడగలేదు. తీస్తున్నానని తెలియకుండా తీసింది ఊళ్ళు తిరిగింది. ఇప్పుడు బోరు వేస్తుంటే గట్టు మీద ఉన్న ప్రతి చేతిలోనూ ఫోను ఉంటుంది. నీళ్ళు లేస్తే అరగంటలో జిల్లా అంతా చూస్తుంది, లేవకపోతే అందరూ జేబులో పెట్టుకుని ఇళ్ళకు పోతారు. గాజుకన్ను అని భయపడేవాళ్ళు లేరు. అప్పట్లో ఒక్క కెమెరాకు ఉన్న పాపం ఇప్పుడు అందరికీ తలాకొంచెం పంచుకోవడానికి ఉంది. అది నాకు తేలికగానే ఉంటుంది గానీ, నీళ్ళ కోసం ఊరంతా నోరు మూసుకుని నిలబడ్డ ఆ నిశ్శబ్దం మళ్ళీ ఎక్కడా దొరకలేదు. దొరికితే మళ్ళీ పట్టుకుంటాను, సందేహం లేదు. నేను మారలేదు.

కెమెరాలు అరచేతిలో ఇమిడేంత చిన్నవయ్యాక ఒకసారి ఊరికి వెళ్ళాను. మధ్యాహ్నం, ఎండ నెత్తిన ఉంది. నాయన చేన్లో గట్టు మీద కూర్చుని ఉలవచేను చూస్తున్నాడు. ఓబుళప్ప వచ్చాడు, నన్ను వెతుక్కుంటూ. మీసం పూర్తిగా తెల్లబడింది, ఇంక రంగు వేయడం లేదు. నీళ్ళు చూసేదానికి యంత్రాలు వచ్చాయని, తనను పిలిచేవాళ్ళు తగ్గిపోయారని చెప్పాడు. కాస్త నీళ్ళు నమిలి, “నీ బొమ్మలు పెద్ద పెద్ద ఊర్లలో పెడతాండారంట గదప్పా,” అన్నాడు. “నా విద్య నాతోనే పోతాది. కొడుకులకు పట్టలేదు. నన్నొకటి తియ్యి. ఆ పెట్టెలో ఉండిపోనీ.”

నాయన గట్టు మీంచి నా వైపు చూశాడు. ఏమంటాడో అన్న చూపు కాదు, నేనేమంటానో అన్న చూపు.

“దానికేం పెద్దాయనా, రాండి” అన్నాను.

ఆయన చెప్పులు విడిచాడు. సంచీలోంచి టెంకాయ తీసి అరచేతిలో పడుకోబెట్టుకున్నాడు. నేను కెమెరాలో చూశాను, తల అడ్డంగా ఊపాను. మళ్ళీ చూశాను. నా ముఖంలో నేను పెట్టగలిగినంత విచారం పెట్టాను.

“బొమ్మ పడతా లేదు పెద్దాయనా.”

“ఏమైంది?”

“ఆ టెంకాయను చూసి యెనక్కి పోతాండాది. దాన్ని పక్కన పెట్టి రాండి.”

ఓబుళప్ప నన్ను చాలాసేపు చూశాడు. తెలివిగలవాడు, మొదటి నుంచీ. టెంకాయను గట్టు మీద, నాయన పక్కన పెట్టాడు. ఖాళీ అరచెయ్యి చాపుకుని తూర్పు గట్టు నుంచి బయల్దేరాడు. నడక అదే. వేళ్ళలో ఆ జాగ్రత్త అదే, లేని టెంకాయ దొర్లి పడిపోతుందన్నట్లు. నేను కెమెరాతో ఆయన పక్కనే నడిచాను. కానుగ చెట్టు వచ్చింది. మొదటి రాయి వచ్చింది. ఆయన దాన్ని దాటి, ఆగకుండా, చెయ్యి వణక్కుండా ముందుకు పోయాడు. తంగేడు పొదనూ దాటాడు. ఎప్పుడూ ఎవరూ రాయి పెట్టని చోట, ఉలవచేను నడుమ, ఆయన నిలబడిపోయాడు. వేళ్ళు వణికాయి. “ఈడ” అన్నాడు, చెయ్యి చూసుకుంటూ.

“వెలుతురు చాల్లేదు. మళ్ళీ ఒకసారి పెద్దాయనా” అన్నాను.

ఆయన మళ్ళీ తిరిగాడు. ఈసారి దక్షిణం మూలన ఆగాడు, రాళ్ళకుప్ప పక్కన. “ఈడ” అన్నాడు, కొంచెం నెమ్మదిగా.

గట్టు మీంచి నాయన గొంతు వినిపించింది. తోట పోయాక ఆ చేను గురించి ఆయన నాతో అన్న మొదటి మాట. “ఒరే సూరీ, మన చేను నిండా నీళ్ళే ఉండాయి గదరా.” ఆయన నవ్వుతున్నాడా అని వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఓబుళప్ప ఒక కాలు ఎత్తి ఇంకో కాలు మీద పెట్టుకున్నాడు. నేల కాలుతోంది. “పగ తీర్చుకుంటాండావు గదరా” అన్నాడు, కోపం లేకుండా.

“అవును పెద్దాయనా.”

“చాల్లేరా,” అన్నాడు నాయన గట్టు మీంచి. “ఆయప్ప కాళ్ళు కాలుతాండాయి. ఆ చెప్పులు తీస్కపోయి ఇయ్యి.”

నాయన మాట నేనెప్పుడూ కాదనలేదు. చెప్పులు తీసుకుపోయి ఇచ్చాను, ఇంకో చుట్టు తిప్పించాక.